మొన కాదు, సాకెట్ చూడండి

ఖాజాగూడ గుట్టల రాళ్లను దాటి, ఐటీ ఆఫీసుల అద్దాల మధ్య నుంచి వెళ్లి ఓ అపార్టుమెంటులో లిఫ్టు దిగాను. రిటైరైన మెకానికల్ ఇంజినీరు గారి చిన్న గది. గోడ పొడవునా పాత బాయినెట్లు. ఒక్క తుపాకీ లేదు. "తుపాకీని అందరూ చూస్తారు. దీన్నెవరు చూస్తారండీ?" అన్నారాయన.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ బాయినెట్ చేతికిచ్చారు. మూడు పలకల ఉక్కు, సుమారు 17 అంగుళాలు. నేను మొన తడుముతుంటే ఆపేశారు. "మొన కాదు సార్, సాకెట్ చూడండి."

తుపాకీ మూతికి తొడిగే ఆ గొట్టానికి మెలికల గాడి ఉంది. దాన్ని తుపాకీ ముందున్న గురిదిమ్మె మీదుగా జార్చి తిప్పాలి. ఆపైన నడుమున్న కట్టు తిప్పితే బిగుసుకుంటుంది. బ్లేడు తిన్నగా ఉండదు, మెడ వంచి పక్కకు జరిపారు. మందూ గుండూ మూతిలోంచే దట్టించే రోజులవి. కడ్డీ పట్టిన చెయ్యి తెగకూడదు కదా! అంతకుముందు బాయినెట్ పిడిని మూతిలోనే బిరడాలా దోపేవాళ్లు. దోపాక ఇక పేల్చడం కుదరదు. మూడు పలకల గాయం మానదని పుకారుంది గానీ, తక్కువ ఉక్కుతో వంగని బ్లేడు కోసమే ఆ ఆకారమని ఆయన కొట్టిపారేశారు.

ఆయన మురిసిపోయేది వేరే దాన్ని చూసి. అచ్చం ఇలాంటిదే మరొకటి తీసి, లోపల వేలు పెట్టమన్నారు. సన్నని ఉక్కు వలయం తగిలింది. "బుష్!" 1871లో మార్టినీ-హెన్రీ రైఫిల్ వచ్చేసరికి బోరు .577 నుంచి .45 అంగుళాలకు తగ్గింది, తుపాకీ గొట్టమూ సన్నబడింది. గోదాముల్లోని పాత బాయినెట్లను పారేయకుండా బుష్ వేసి కొత్త రైఫిల్‌కి తొడిగారు. రైఫిల్ పొట్టిదైపోయింది కాబట్టి 1876 నమూనాలో బ్లేడును దాదాపు 22 అంగుళాలకు పెంచారు. అంత సామ్రాజ్యానికీ మన ఇళ్లలో గిన్నెకు మాటు వేయించే బుద్ధే!

కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డ్ తూటాల గొడవతో సిపాయిల తిరుగుబాటు రేగిన సంగతి తెలిసిందే. ఆ సెగ హైదరాబాద్‌నూ తాకింది: 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి దండెత్తారు. సిపాయిల తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు పైకి ఎన్‌ఫీల్డ్‌లా కనిపించే, లోపల మరలు లేని నున్నటి గొట్టం తుపాకులిచ్చారు. దొరల అపనమ్మకం గొట్టం లోపల దాగిందన్నమాట.

బాయినెట్ల తుప్పుకు ఆయన వాడేది పల్చటి నూనె, మెత్తటి గుడ్డ, అంతే. ఇసుక కాగితంతో రుద్దితే సాకెట్ మీది తనిఖీ ముద్రలూ, పటాలం అంకెలూ చెరిగిపోతాయి. అవి పోతే మిగిలేది ఇనుమే. అమెరికాలోని అల్లుడు గోడకు ఒకటి అడిగాడట. నూరేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదన్న 1972 చట్టాన్ని అతనికి ఈయన చదివి వినిపించారట. చట్టం లేకపోయినా ఇచ్చేవారు కాదని నా అనుమానం.

హైదరాబాద్ కాంటింజెంట్ అనే పాత సైన్యం ముద్ర ఉన్నది మాత్రం ఇంకా చిక్కలేదు. జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇనుము అమ్మేవాళ్లకు తన ఫోన్ నంబరిచ్చి ఉంచారు.