ఊషరక్షేత్రము

సంస్కృతము చదివినవారికి 'ఊషరము' అను మాట క్రొత్తది కాదు. విత్తు మొలవని చౌటినేలకు అది పేరు. మందబుద్ధికి చెప్పిన చదువు ఊషరమున చల్లిన విత్తనమని మా గురువులు చెప్పిరి. మేమును ఇరువదియేండ్లుగా బడిలో ఆ పోలికను నిస్సంకోచముగా వాడుకొంటిమి. ఊషరమును మాత్రము ఎన్నడును వంగి పరికించినవారము కాము.

నల్లగొండ జిల్లాలో వాడపల్లియొద్ద మూసీనది కృష్ణలో కలియును. ఆ ప్రాంతమున సున్నపురాయి విస్తారము. సిమెంటుకొరకు త్రవ్విన గనులును కలవు. ఆ వైపున నొక గ్రామమందు, రాయి తీసి పూడ్చిన గుంతపై మా విద్యార్థులచేత బత్తాయి, నిమ్మ మొక్కలు నాటించి, ప్రతిదినము బోరునీరు పోయించితిమి. మన్ను తడిగానే యుండెను. ఆకుల యంచులు మాత్రము మాడసాగెను. నీరు పోయు వంతు ఒక బాలునిది. వాడు పని యెగవేసి, మేము వచ్చువేళకు పైపైన తడిపెనని తలచి, పదిమందిలో వానిని 'ఊషరక్షేత్రమా!' యని నిందించితిమి. వాడు మారు పలుకలేదు.

మరునాడు వాని తాత వచ్చెను. చిటికెడు మన్ను నాలుకపై వేసికొని ఉమిసి, "సౌడు తేలింది సారూ. ఈ తడి కండ్లకే గని యేర్లకు గాదు" అనెను.

మన్నును పరీక్షకు పంపితిమి. ముసలివాని నాలుక పొరపడలేదు. మంటినీటిలో ఉప్పు పెరిగినకొలది వేరు దానిని లాగుకొనజాలదు. చెట్టు తడిలో నిలిచియే దప్పిగొనును. మా గుంతలో పైమన్ను అడుగునకు పోయి, అడుగుమన్ను పైకి వచ్చెను. యంత్రముల బరువునకు అది గట్టిపడెను. నీరు లోనికింకదు, ప్రక్కకు పారదు. ఎండ దానిని పైకి లాగి ఆవిరి చేయగా ఉప్పు మిగిలిపోవును. బోరునీటి ఉప్పు దినదినము దానికి తోడగును. కనుక ఆ బాలుడు నీరు పోయమిచేత గాదు, మా యాజ్ఞ తప్పక పోయుటచేతనే మొక్కలు మాడినవి!

చౌడు రెండు తెగలు. మంటిరసమున విద్యుద్వాహకత మీటరునకు 4 డెసిసీమెన్సులు మించినది ఉప్పుచౌడు. దానికి మంచినీటితో కడిగి, ఆ నీటిని వెలికి పంపుటయే మందు. క్షారసూచి 8.5 దాటి, మంటి కణములు పట్టియుంచిన క్షారములలో సోడియము నూటికి 15 పాళ్లు మించినది కారుచౌడు. దానికి జిప్సమును, జీలుగ పచ్చిరొట్టయును వేయవలెను. రెంటికిని మురుగు పోవు దారి ముఖ్యము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినపుడు మెట్టనేలలు సంతసించినవి. మురుగు కదలని పల్లములలో మాత్రము చౌడు తేలినది. నీరు తెచ్చుట సగము పని; పంపుట తక్కిన సగము.

గని త్రవ్వుటకు ముందు పైమన్నును వేరుగా తీసి, నేలను తిరిగి బాగుచేయుటకు వినియోగింపవలెనని 2017 నాటి ఖనిజ నియమములు విధించుచున్నవి. ఈ సంగతి పొలము గలవారందరు ఎరిగి యడుగవలెను. మన చాకలివారు చౌటిమంటితో బట్టలుతికిరి. ఉప్పరులు మంటినుండి ఉప్పు తీసిరి. ఆ తెలివిని మనము చదువని యెంచకపోతిమి.

ఏ పదిమందిలో నిందించితిమో ఆ పదిమందిలోనే బాలుని క్షమింపుమని కోరితిమి. పిమ్మట అందరమును కలిసి వాలునకు మురుగుకాలువ త్రవ్వితిమి. వానకాలమున గట్లు వేసి వాననీటితో మన్ను కడిగితిమి. ఉప్పునకు కొంత ఓర్చు కానుగను ముందుగా నాటితిమి. రెండు వానకాలములు గడచినవి. బత్తాయికి ఇంకను వేళ కాలేదు గాని, కానుగ చిగిర్చినది.

ఆ పోలికను మేమిప్పుడు వాడుట మానితిమి. మొలక రానపుడు విత్తనమును నిందింపము, నేలను నిందింపము. పోసిన నీరెట్టిదో, పోవుదారి యున్నదో లేదో మొదట చూచుకొనుచున్నాము. వాన వెలిసినంతనే కాలువ పారుచున్నదా యని చూచుటకు అందరికంటె ముందు పరుగెత్తువాడు ఆ బాలుడే.