బిల్లుకెక్కని సబ్బు

సూపర్ మార్కెట్ నుంచి తెచ్చిన సంచీలో సబ్బుంది, బిల్లులో లేదు. వీధి చివరి కిరాణా కొట్టయితే శెట్టిగారి ముఖం గుర్తొచ్చి వెంటనే తిరిగి వెళ్లేదాన్ని. ఇక్కడ ఎవరి ముఖం? కొట్టు ఒక కంపెనీది. కంపెనీ చట్టం దృష్టిలో తన యజమాని నుంచి వేరైన వ్యక్తి అని 1896లో సాలమన్ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. ఆ వ్యక్తి ఆస్తి కొంటుంది, దావా వేస్తుంది. ఆకలి మాత్రం ఎరగదు. నొప్పే తెలియనిదానికి నేను ఋణపడతానా? సరుకు లెక్క తప్పితే మాటపడేది కౌంటర్ దగ్గరి అమ్మాయే కదా, ఆమెకైతే తప్పక ఋణపడతాను.

కంపెనీలో పనిచేసేవాళ్ల విషయమూ ఇంతే. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ మోసం బయటపడ్డాక, జీతాలొస్తాయో రావో తెలియని రోజుల్లోనూ వేలమంది ఉద్యోగులు పని ఆపలేదు. ఆ నిబద్ధత కంపెనీకి చెందుతుందని నాకనిపించదు. అది వాళ్లది, పక్క సీట్లో కూర్చున్నవాళ్లది.