కొమ్ముకు కట్టిన తువ్వాల

మాది ధర్మపురి పక్కన సోగత్తూరు. సంక్రాంతి సెలవులకు నేను కృష్ణగిరి వైపు మా మామ వాళ్ళ ఊరికి పోతాను. అక్కడ ఎద్దులు విడిచే పండగ జరుగుతుంది. తమిళంలో ‘ఎరుదు విడుం విళా’ అంటారు.

మదురై వైపు అలంగానల్లూరులో అయితే ఎద్దు మూపురాన్ని పట్టుకుని వేలాడాలి. మా వైపు అట్ల కాదు. వీధికి రెండు పక్కలా కర్రలు కట్టి, మధ్యలో ఎద్దును వదులుతారు. ఎంత తొందరగా గీత దాటితే అంత పెద్ద బహుమానం. కొన్ని ఊర్లలో కొమ్ములకు తువ్వాల, డబ్బులు కడతారు. అవి లాక్కున్నవాడే మగాడు అంటారు. తిరుపతి జిల్లా రంగంపేటలో కనుమ రోజు కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు. అదీ ఇట్లాంటిదే.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపేసింది. 2017 జనవరిలో చెన్నై మెరీనాలో విద్యార్థులు రాత్రీ పగలూ కూర్చున్నారు. తర్వాత తమిళనాడు చట్టం తెచ్చింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తులు ఆ చట్టం చెల్లుతుందన్నారు. మామ ఆ రోజు కోడెకు బెల్లం పెట్టినాడు. ఆయన తొడలో కొమ్ము దిగిన గుంట ఇంకా ఉంది. పొడిచింది వేరే వాళ్ళ ఎద్దులే.

మామ కోడెకు నీళ్ళు పెట్టేది నేనే. నా చెయ్యి నాకుతుంది. అందుకే పోయిన పండక్కి దాని తువ్వాల నేనే లాగాలనుకున్నాను. కర్రల కింద దూరి వీధిలోకి పోయినాను. జనం కేకలు, పలకల మోత. కోడె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను అది గుర్తు పట్టలేదు. తువ్వాల అంచు నా వేళ్ళకు తగిలింది, అంతే. ఎవరో కాలర్ పట్టి వెనక్కి లాగినారు. చొక్కా పక్క నుంచి చంక దాకా చినిగింది.

సాయంత్రం కొట్టంలో అదే కోడె మళ్ళీ నా చెయ్యి నాకింది. నాకు మాత్రం చేతులు వణికినాయి. అది భయపడి పరిగెత్తిందా, పౌరుషంతోనా? మామను అడిగితే నవ్వినాడు. జవాబు చెప్పలేదు.

అమ్మతో ముళ్ళకంప తగిలిందని చెప్పినాను. అవ్వ చొక్కా కుడుతూ, “ఏం ముల్లురా ఇది, జానెడు చించింది?” అనింది. ఇంకేం అనలేదు. అమ్మ ఈ పుస్తకం చదవకుండా ఉంటే బాగుండు.