తీగె ఎత్తు

మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. నలభై ఏళ్లుగా పెళ్లి కచేరీల్లో బేస్ గిటారు వాయిస్తున్నాను. తీగెలు ఎత్తుగా ఉంటేనే నాదం నిండుగా ఉంటుందని కుర్రతనం నుంచీ పట్టుదల. వేళ్లు కాయలు కాచినా దించలేదు.

మొన్న కచేరీ మధ్యలో చిటికెన వేలు మొరాయించింది. స్వరం తప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఇంటికొచ్చి, సముద్రపు చెమ్మకు గిటారు మెడ వంగిందేమోనని చూశాను. వంగలేదు. బ్రిడ్జి మరలు తిప్పి తీగెలు దించాను. మరీ దించేసరికి మెట్లకు తగిలి గరగరమన్నాయి. మళ్లీ కొంచెం కొంచెంగా లేపాను. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగె 2.5 మి.మీ. ఎత్తులో కుదిరింది. వేలికి నొప్పి లేదు.

"ఈవేళ బాగా పలుకుతోందండీ!" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

దించానని ఇంకా చెప్పలేదు.