తమ్ముడి నాలుగో పరీక్ష

దుబాయ్‌లోని దేరాలో ఫజ్ర్ నమాజు ముగిసిన కొద్దిసేపటికే వీధులు మేల్కొంటాయి. క్రీక్ ఒడ్డున అబ్రా పడవలు పనివారిని ఆవలి తీరానికి చేరవేస్తుంటాయి. అటువంటి ఒక ఉదయం మా తమ్ముడు నా ఎదుట కూర్చుని టీ చల్లారిపోతున్నా తాగకుండా ఉండిపోయాడు. ఆ రోజు అతనికి డ్రైవింగ్ రోడ్డు పరీక్ష. అప్పటికే మూడుసార్లు తప్పాడు.

"కడపలో 15 ఏళ్లు బండి నడిపాను. నాకు నడపడం రాదంటారా భాయ్‌జాన్?" అన్న అతని మాటలో కోపం కన్నా అవమానమే ఎక్కువగా ధ్వనించింది. అతని ఉద్యోగం ఆ లైసెన్సు మీదనే ఆధారపడి ఉంది. తప్పిన ప్రతిసారీ మళ్లీ శిక్షణ తరగతులు, మళ్లీ రుసుములు. ఇంటికి పంపవలసిన సొమ్ము అలా కరిగిపోతున్నది.

బ్రిటన్, జర్మనీ వంటి కొన్ని దేశాల లైసెన్సు గలవారు ఎమిరేట్స్‌లో నివాసం ఏర్పరచుకుంటే, దానిని చూపి స్థానిక లైసెన్సు పొందవచ్చు. భారతీయులకు ఆ వెసులుబాటు లేదు. కంటి పరీక్ష, నియమాలపై పరీక్ష, పార్కింగు పరీక్ష, చివరకు రోడ్డు పరీక్ష దాటాలి. నియమాల పరీక్షను ఉర్దూలోనూ రాయవచ్చు. ఈ తేడా విని మొదట నా మనసు నొచ్చుకున్నది.

అతను తప్పిన కారణాలు అడిగాను. మొదటిసారి వరుస మారేటప్పుడు తల తిప్పి, అద్దంలో కనిపించని పక్కను చూసుకోలేదు. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి గనుక, రౌండబౌట్ వద్ద ఎడమ నుండి వచ్చేవారికి దారి ఇవ్వాలి. రెండోసారి అలవాటు కొద్దీ అతని చూపు కుడికి పోయింది. మూడోసారి జీబ్రా గీతల వద్ద నిలబడిన పాదచారి కోసం ఆగలేదు.

"మన ఊళ్లో హారన్ కొడితే వాళ్లే ఆగేవారు" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటతో నా లైసెన్సు సంగతి గుర్తుకు వచ్చింది. మన 1988 మోటారు వాహనాల చట్టంలోనూ పరీక్ష ఉన్నది. 18 ఏళ్లు నిండినవారు లెర్నర్ లైసెన్సు తీసుకుని, 30 రోజులు గడిచిన తరువాతనే కారు పరీక్షకు రావాలి. నేను మాత్రం ఒక ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి, మైదానంలో నాలుగు గజాలు బండి కదిపి దిగివచ్చాను. ప్రయాణానికి ముందు మా అబ్బాయి లైసెన్సు కోసం అదే ఏజెంటుతో మాట్లాడి వచ్చాను కూడా.

దుబాయ్‌లో ఎర్రదీపం దాటితే 1,000 దిర్హముల జరిమానాతో పాటు 12 నల్ల పాయింట్లు పడతాయి. అవి 24కు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. అంటే అక్కడ లైసెన్సు చేతికి వచ్చిన తరువాత కూడా పరీక్ష కొనసాగుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. "అల్‌హమ్దులిల్లాహ్, పాసయ్యాను!"

కొన్నాళ్లకు అతని పక్కన కూర్చుని ప్రయాణించాను. జీబ్రా గీతల వద్ద సిమెంటు దుమ్ము అంటిన దుస్తులతో ఒక కార్మికుడు నిలబడి ఉన్నాడు. తమ్ముడు బండి ఆపాడు. ఆ మనిషి చేయి ఎత్తి సలాం చేసి దాటిపోయాడు. ఏ ఊరివాడో, ఎవరి తండ్రో!

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "ఏజెంటు వద్దు బేటా. నేను వచ్చాక ఇద్దరం కలిసి మొదటి నుండి నేర్చుకుందాం" అన్నాను. "మీరు కూడానా అబ్బా?" అని వాడు నవ్వాడు.

అవును, నేను కూడా.