అన్న జీపు నాలుగంగుళాలు ఎందుకు లేపలేదంటే



పోయిన నెలలో ఒక తమ్ముడు లిఫ్టు చేసిన జీపు ఫొటో పెట్టి, "మన కొండ రోడ్లకి ఇలాంటిది ఉండాలి, ఎంతవుద్ది?" అని అడిగాడు. నేను అమలాపురం దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తున్నానని తెలిసినవాళ్ళు నన్ను ట్యాగ్ చేశారు. రెండు ముక్కల్లో జవాబు రాద్దామనుకున్నా గానీ కుదర్లేదు. ఎందుకంటే ఇదే ప్రశ్న మా అన్న నన్ను ముందే అడిగాడు. దాని మీద కొన్నాళ్ళు మా ఇద్దరికీ మాటలు కూడా లేవు. అందుకే మొత్తం రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది మారేడుమిల్లి మండలంలో తారు రోడ్డుకి దూరంగా ఉండే కొండరెడ్ల ఊరు. ఆశ్రమ పాఠశాలలో టెన్త్, ఆ తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్. పని వెతుక్కుంటూ కోనసీమ వచ్చి మూడేళ్ళయింది. ఇక్కడ కొండన్నదే కనపడదు. ఎటు చూసినా కొబ్బరి, వరి, కాలవ. వచ్చిన కొత్తలో "కొండ ఎక్కే బండి గురించి వీళ్ళకేం తెలుసులే" అనుకున్నా. అది నా పొరపాటు. అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు మోసే వ్యాన్లు, రొయ్యల ట్రేలు మోసే బండ్లు, ఒక పక్కకి కుంగిపోయే కాలవ గట్టు రోడ్లు. బరువంటే ఏంటో, ఆ బరువు బండినేం చేస్తుందో ఇక్కడి మేస్త్రీలకి తెలిసినంత నేను ఇంకెక్కడా చూడలేదు. మా మేస్త్రి గారు మొదటి వారంలోనే ఒక మాట చెప్పారు: "ఏమోయ్, బరువు తెలీకుండా కమాను ముట్టుకోకు."

ఆ మాట నాకు అర్థమైంది రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక జీపు దగ్గర. ఓనరు గారికి షికార్లంటే ఇష్టం. సెలవు దొరికితే మారేడుమిల్లి, గుడిస వెళ్తారు. బండిని ఎక్కడో నాలుగంగుళాలు లేపించి ఖరీదైన స్ప్రింగులు, షాకబ్జర్లు వేయించారు. చూడ్డానికి ఏనుగులా ఉంది. కానీ ఆయన బాధ ఏంటంటే, నలభై కిలోమీటర్లు పోయేసరికి నడుం పట్టేస్తోంది. మేస్త్రి గారు బండి చుట్టూ తిరిగి ఒకటే అడిగారు: "ముందు ఇనుప బంపరు, వించి, పైన టెంటు, ఇవేమైనా బిగిస్తారాండి?" లేదండి, నేనూ మా ఆవిడా రెండు బ్యాగులూ అన్నారాయన. ఆ స్ప్రింగులు అదనంగా మూడు నాలుగొందల కేజీలు మోయడానికి చేసినవి. అంత బరువు లేకపోతే అవి కుంగవు. కుంగని స్ప్రింగు రాయితో సమానం. మెత్తటివి మార్చాం, ఆయన నడుం నొప్పి పోయింది. గట్టి స్ప్రింగంటే మంచి స్ప్రింగు కాదు, మన బరువుకి సరిపోయేదే మంచి స్ప్రింగు అని ఆ రోజు తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అన్న ఫోను. అన్నకి పాత కమాండర్ జీపు ఉంది, ఫోర్ వీలుది. సంత రోజు ఊరి నుంచి సంతకి, మిగతా రోజుల్లో ఎవరికి అవసరమైతే వాళ్ళకి. "ఒరేయ్, నలభై వేలు దాచాను. ఆదివారాలు ఇక్కడికొచ్చే పట్నం వాళ్ళ జీపుల్లాగా మనదీ లేపాలి. నువ్వున్నావుగా, చెయ్యి" అన్నాడు. సరే తీసుకురా అన్నా. రంపచోడవరం, రాజమండ్రి, రావులపాలెం, కొత్తపేట మీదుగా ఒక రాత్రంతా నడిపి తెల్లారేసరికి షెడ్డు ముందు పెట్టాడు.

నేను కిందకి దూరి చూశా. వెనక కమాన్ కట్టల్లో రెండేసి పట్టీలు చీలి ఉన్నాయి. మిగతావి కూలబడి తిన్నగా పడుకున్నాయి. వెనక షాకబ్జర్ల నుంచి ఆయిలు కారి మట్టి గట్టిపడింది. ముందువి అసలు లేవు. "ముందువేవన్నా?" అంటే, "కారిపోతుంటే ఊడదీసి పారేశా, కమాన్లు ఉన్నాయిగా" అన్నాడు.

అప్పుడు నాకు రెండేళ్ళ కిందటి వానాకాలం గుర్తొచ్చింది. నేను సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు రాత్రి వదినకి నొప్పులొచ్చాయి. 108 తారు రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి దాకా మా జీపే అంబులెన్సు. జీపు లేని రోజుల్లో అయితే డోలీయే. అమ్మ వదిన నడుం పట్టుకుని కూర్చుంది, నేను టార్చి పట్టుకున్నా. గుంత ఒకటే, ఎగరడం నాలుగు సార్లు. బండి గుంత దాటిపోయినా ఊగుతూనే ఉంది. వదిన తువ్వాలు నోట్లో కుక్కుకుంది. దేవుడి దయ, పాప బాగానే పుట్టింది. ఆ రాత్రి బండి ఎత్తు చాలక ఎక్కడా ఆగలేదు. ఒక్క రాయి కూడా అడుగున తగల్లేదు. వదిన పడిన బాధంతా షాకబ్జర్లు లేక పడిందే.

అన్నకి అదే చెప్పా. ఎత్తు కాదు, ముందు షాకబ్జర్లు, కమాన్లు చేద్దాం అన్నా. అన్న మొహం మాడిపోయింది. "వాళ్ళ బండికైతే నాలుగంగుళాలు. మన బండికొచ్చేసరికి నీకు రూల్సు గుర్తొస్తాయా?" అన్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సాయంత్రం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అన్నది తప్పని చెప్పలేను. మన రోడ్ల మీద మనకన్నా మంచి బండ్లలో ఎవరో వచ్చి ఫొటోలు దిగి పోతుంటే చూస్తూ బతికేవాడికి ఆ ఎత్తు ఒక్కటే కనపడుతుంది.

రాత్రి తాత సంగతి ఎత్తా. మా తాత కావడి బద్ద కోసం వెదురు కొట్టడానికి వెళ్తే సగం రోజు పట్టేది. మోసే బరువుని బట్టి ఎంచేవాడు. పలచటి బద్ద బరువుకి విరుగుతుంది. మరీ మందంది వంగదు, భుజం కోసేస్తుంది. సరైన బద్ద అడుగు అడుగుకీ కొంచెం వంగి లేస్తుంది, భుజానికి దెబ్బ తెలియదు. కమాను అంటే అదే అన్నా. ఇంకొకటి, తాత నడిచేటప్పుడు రెండు చేతులతో ఉట్టి తాళ్ళు పట్టుకునేవాడు. ఎందుకు? బరువు మోయడానికి కాదు, బరువు మోసేది బద్దే. ఊగకుండా ఆపడానికి. షాకబ్జరు అంటే ఆ చేతులు. నువ్వు తాత చేతులు నరికేసి బద్ద మందం పెంచమంటున్నావు అన్నా. అన్న నవ్వలేదు గానీ, "సరే, పొద్దున్న చూద్దాం" అన్నాడు.

ఇక చేసిన పని, మీకు పనికొచ్చేలా వరసగా చెప్తా.

మొదట కాటా. బండిని ఖాళీగా ఒకసారి తూయించాం. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి పెట్టి ఒకసారి. తర్వాత సంత రోజు ఎంతమంది ఎక్కుతారు, మూటలెన్ని అని అన్నని అడిగి లెక్కేశాం. దాదాపు ఆ బరువంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. ఉదాహరణకి 600 కేజీలు అనుకోండి, ఒక్కో కట్టకి 300. సెంటీమీటరు కుంగడానికి 40 కేజీలు తీసుకునే కట్ట అయితే ఏడున్నర సెంటీమీటర్లు కుంగుతుంది. 60 కేజీలు తీసుకునేదైతే అయిదే. అలాగని గట్టిదే వేస్తే, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక చక్రాలు రాళ్ళ మీద గెంతుతాయి, పట్టు పోతుంది. మన బండ్లు నిండుగా వెళ్ళి ఖాళీగా వస్తాయి కదా. అందుకే కంపెనీ మందంలోనే కొత్త కట్టలు వేసి, కింద ఒక హెల్పర్ పట్టీ పెట్టాం. ఖాళీగా ఉన్నప్పుడు అది పైవాటికి ఆనదు. బరువు పడ్డాకే ఆని సాయం చేస్తుంది.

పట్టీ మందం విషయంలో జాగ్రత్త. అదే పొడుగు, అదే వెడల్పులో 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి 8 మిల్లీమీటర్లది వేస్తే గట్టితనం మూడో వంతు పెరుగుతుందనుకుంటాం. కాదు, రెండు రెట్లు దాటిపోతుంది. పాత పట్టీల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి ఊరికే వదిలేసినా ఉక్కు పదును పోయి కొన్నాళ్ళకే మళ్ళీ కూలబడుతుంది.

రెండోది ఎత్తు. కమాన్లతో బండిని ఎంత లేపినా పైకి లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. యాక్సిల్ మధ్యనుండే డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. రాయి ముందు తగిలేది దానికే. దాన్ని లేపేది పెద్ద టైరొక్కటే, అది కూడా టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగమే. పొడుగు షాకిళ్ళు వేసినా అంతే, షాకిల్ రెండంగుళాలు పెరిగితే బండి లేచేది అంగుళమే, పైగా స్టీరింగు కోణం మారి బండి దారి తప్పుతుంటుంది. యాక్సిల్‌కీ కమానుకీ మధ్య ఇనుప దిమ్మ పెట్టి లేపేవాళ్ళున్నారు. ముందు యాక్సిల్‌కి అది ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, బ్రేకు కొట్టినప్పుడు యాక్సిల్ మెలి తిరుగుతుంది. ఇంకా లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి జాయింట్లు త్వరగా పోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, బరువు మధ్య బిందువు పైకి పోతుంది. మన జీపుల్లో టాపు మీద కూడా మనుషులు కూర్చుంటారు. ఘాటు వంపులో నాలుగంగుళాలు అంటే అది మామూలు తేడా కాదు.

మూడోది షాకబ్జర్లు. ఎత్తుని చూసి కాదు, కొలిచి కొనాలి. జాకీతో ఛాసిస్ లేపి చక్రాన్ని పూర్తిగా కిందకి వేలాడనివ్వండి. పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా కొలవండి. తర్వాత చక్రం పైకి వెళ్ళి బంప్ రబ్బరుకి ఆనినప్పుడు ఎంతుంటుందో కొలవండి. మొదటిది 20 అంగుళాలు, రెండోది 13 అనుకోండి. మీరు కొనే షాకబ్జరు సాగితే 20 దాటాలి, ముడుచుకుంటే 13 కన్నా తక్కువ అవ్వాలి. పొట్టిదైతే గుంతలో సాగి సాగి తెగుతుంది. పొడుగుదైతే రబ్బరుకి ఆనేలోపే లోపల కొట్టుకుని పగులుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడే బ్రేకు గొట్టం కూడా చూడండి, బిగుసుకుపోకూడదు.

రకాల గురించి అడుగుతారు. లోపల ఒకటే గొట్టం ఉండేవి వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ రాయి తగిలి గొట్టం సొట్ట పడిందంటే పిస్టను ఇరుక్కుంటుంది. రెండు గొట్టాలవి చవక. బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా లోపలిది పని చేస్తుంది. ఆయిలుతో పాటు గ్యాసు నింపినవైతే ఆయిలు త్వరగా నురగ కట్టదు. మన రోడ్లకి, మన జేబుకి రెండు గొట్టాల గ్యాసువి చాలు. అన్న బండికి నాలుగూ అవే వేశాం. కమాను గట్టిది వేసి పాత షాకబ్జర్లే ఉంచితే మాత్రం కొట్టిన స్ప్రింగుని ఆపే చెయ్యి ఉండదు.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకి, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రాజోలు ఓనరు గారికి అది చిన్న లెక్క. మా అన్నకి బండి వారం ఆగితే ఇల్లు ఆగుతుంది.

కూలబడిన కమాన్లు పోయి కొత్తవి పడేసరికి బండి ఎలాగూ అంగుళంన్నర లేచింది. అది తన పాత ఎత్తే. నలభై వేలల్లో సగం పైన ఖర్చయింది. మిగిలింది టైర్లకి ఉంచుకున్నాడు. వెళ్ళేముందు బండి మూల మీద బలంగా నొక్కి వదిలా. ఒకసారి లేచి ఆగిపోయింది. మీ బండిని కూడా ఇలాగే చూసుకోవచ్చు. రెండు మూడు సార్లు ఊగిందంటే షాకబ్జరు పోయినట్టే. అన్న కూడా నొక్కి చూశాడు. ఏమీ అనలేదు.

తర్వాత రెండు వారాలు ఫోను రాలేదు. ఇంకా కోపంగానే ఉన్నాడనుకున్నా. సంత రోజు రాత్రి చేశాడు. టైర్ల రేట్లు అడిగాడు, పాప సంగతులు చెప్పాడు. పెట్టేసే ముందు అన్నాడు: "ఒరేయ్, ఇవాళ సంత నుంచి వస్తుంటే మన చివరింటి అవ్వ బండిలో నిద్రపోయిందిరా. ఊళ్ళోకొచ్చాక లేపాల్సొచ్చింది."

మీ ఊళ్ళో ఇలాంటి బండి ఉంటే కాటా బరువులు, ఆ రెండు కొలతలు కింద రాయండి. ఏది సరిపోతుందో చూసి చెప్తాను.