ఎంతమందికి ఫిల్టరు?

కాటన్‌పేట అనగానే గోదావరి జిల్లాల నుంచి వచ్చే మా చుట్టాలు "అబ్బో, మా కాటన్ దొర పేరు బెంగుళూరులో కూడానా!" అని మురిసిపోతారు. వాళ్ల సంబరం మీద నీళ్లు చల్లడం ఇష్టం లేకపోయినా చెప్పక తప్పదు. ఇది దూది కాటన్. కన్నడంలో అరళేపేట. పక్కనే బియ్యానికి అక్కిపేట, గాజులకు బళేపేట ఉన్నాయి. కాఫీకి మాత్రం ఈ ఊళ్లో పేట లేదు. ఇంటింటా ఉన్నదానికి మళ్లీ పేట దేనికి అనుకున్నారేమో పెద్దలు!

నేను కోడలిగా ఈ పేటకు వచ్చేనాటికి ఇంట్లో మొత్తం పదకొండు మందిమి. మా అత్తగారి ఇత్తడి ఫిల్టరు చిన్న బిందె అంత ఉండేది. రాత్రి పడుకునే ముందే ఆవిడ పొడి వేసి, కాడ ఉన్న బిళ్లతో మెల్లగా అదిమి, సలసల మరిగే నీళ్లు పోసి మూత పెట్టేవారు. తెల్లారేసరికి కింది గిన్నె నిండా నల్లని చిక్కని డికాక్షన్. లోపల కళాయి చెరగకుండా ఏడాదికోసారి పూత వేయించేవారు. కాఫీలో పులుపు ఉంటుంది కదా, కళాయి పోయిన ఇత్తడిలో దాన్ని రాత్రంతా నిలవ ఉంచకూడదు.

ఇప్పుడు ఇంట్లో మావారూ నేనూ, అంతే. అత్తగారు వెళ్లిపోయారు, మరుదులు వేరే ఇళ్లు కట్టుకున్నారు, మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అయినా చాలాకాలం ఆ ఫిల్టరుతోనే నెట్టుకొచ్చాం. కాఫీ మాత్రం కాఫీలా ఉండేది కాదు. పొడి మారిస్తే బాగుపడలేదు, పాలు మారిస్తే బాగుపడలేదు. అసలు సంగతి గిన్నె వెడల్పులో ఉంది. అంత విశాలమైన అడుగు మీద రెండు మూడు చెంచాల పొడి వేస్తే అది పలుచని పొరలా పరుచుకుంటుంది. నీళ్లు పొడిలోని సారం తీసుకునేలోపే దిగిపోతాయి. పొడి మందంగా ఉంటేనే నీళ్లు చుక్కచుక్కగా దిగుతాయి.

అందుకే పాత్రల అంగడికి వెళ్తే ముందు అడిగేది "ఎష్టు జనక్కమ్మా?" అనే. ఎంతమందికమ్మా అని. "ఇద్దరికి" అని చెప్పడానికి నాకు నోరు కొంచెం తడబడిందనే చెప్పాలి. అరచేతిలో ఇమిడే స్టీలు ఫిల్టరు చేతికిచ్చాడు.

మీరూ కొనబోతుంటే ఒకటి రెండు మాటలు. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు సన్నగా, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. పెద్దవైతే డికాక్షన్‌లో మడ్డి దిగుతుంది. పై గిన్నె కింది గిన్నెలో బిగుతుగా కూర్చోవాలి, కానీ వేడెక్కాక ఊడిరానంత బిగుతు పనికిరాదు. కొన్నాళ్లకు చిల్లులు పూడుకుపోతే స్టీలుదాన్ని పొయ్యి మంట మీద కాసేపు పట్టుకుంటే ఇరుక్కున్న పొడి కాలిపోతుంది. కళాయి ఉన్న ఇత్తడిదానికి మాత్రం ఈ చిట్కా వద్దు. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకే కరిగిపోతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఈలోగా మావారికి గుండెలో స్టెంటు వేశారు. డాక్టరుగారు చక్కెర మానమన్నారు, పాలు తగ్గించమన్నారు, కొలెస్టరాలు సంగతి చూసుకోమన్నారు. ఈయన పౌరుషానికి పోయి "అయితే కాఫీయే మానేస్తాను" అన్నారు. మానేశారు కూడా. పొద్దున్నే నేనొక్కదాన్నే లోటా పట్టుకుని కూర్చుంటే, ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు. రోజు మొత్తంలో మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకునేది ఆ అరగంటే.

ఆ సంవత్సరం వచ్చిన మా కోడలు పెట్టెలోంచి పింగాణీ గరాటు, ఒక కట్ట కాగితాలు తీసింది. "అత్తయ్యా, మామయ్యగారికి ఇందులో పెట్టిచూద్దాం. పాలు అక్కర్లేదు" అంది. వి60 అంటారట, వాలు 60 డిగ్రీల కోణంలో ఉంటుంది కాబట్టి. జపాను వాళ్ల తయారీ. కాగితంలో వడకట్టే ఉపాయం మాత్రం జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలిది. 1908లో ఆవిడ ఇత్తడి గిన్నెకు మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం పరిచి వడకట్టిందట. చూశారా, అక్కడా ఇత్తడే!

మొదటిరోజు మా ఇంటి పొడే వేశాం. నీళ్లు దిగితే ఒట్టు. మన ఫిల్టరు పొడి మరీ మెత్తన, పైగా అందులో చికోరీ ఉంటుంది. అది నీళ్లు పీల్చి కాగితాన్ని మూసేస్తుంది. చికోరీ కలిసిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశంలో నిబంధన. ఎంత కలిపారో పొట్లం మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. మర్నాడు చికోరీ లేని అరకు కాఫీ గింజలు తెచ్చి, సన్న రవ్వలా పట్టించాం. కాగితాన్ని వేడినీళ్లతో తడిపి, 15 గ్రాముల పొడికి పావు లీటరు నీళ్లు, మొదట కొంచెం పోసి అర నిమిషం ఆగి, తర్వాత మెల్లగా చుట్టూ తిప్పుతూ పోస్తే మూడు నిమిషాల్లో దిగింది. ఇంకో మేలు కూడా ఉంది. కొలెస్టరాలు పెంచే కాఫీ నూనెను కాగితం చాలావరకు పట్టేస్తుంది. లోహపు చిల్లులు అంతగా పట్టలేవు.

మావారు ఒక గుక్క తాగి "కషాయం" అన్నారు. రెండో గుక్కకు ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి గింజలు అయిపోవస్తున్నాయని ఆయనే గుర్తుచేశారు. నేనొకసారి అందులో పాలు పోసి చూశాను. కుడితి! పాలు పోసుకునే వాళ్లకు ఈ గరాటు పనికిరాదు, డికాక్షన్‌కు ఉండే చిక్కదనం దీనికి రాదు. మన ఫిల్టరుకు ఇది బదులు కాదు, రెండూ వేరు వస్తువులు.

ఇప్పుడు మా వంటింటి గట్టు మీద రెండూ ఉన్నాయి. నాది దిగడానికి ఇరవై నిమిషాలు, ఆయనది మూడు. ముందు నాది పోసి, అది దిగుతుండగా గరాటు సర్దితే రెండు లోటాలూ ఒకేసారి సిద్ధమవుతాయి. గరాటు పోయడం ఆయన పని. నన్ను ముట్టుకోనివ్వరు!

ఇత్తడి ఫిల్టరు అటక మీద ఉంది. డిసెంబరులో పిల్లలు, మరుదుల కుటుంబాలు అంతా వస్తే పన్నెండు మందిమి అవుతాం. అప్పటికి దాన్ని దింపాలి. లోపల కళాయి పూర్తిగా పోయింది. వీధుల్లో కేకేసుకుంటూ వచ్చే కళాయివాళ్లు ఈ మధ్య మా పేటలో కనిపించడం లేదు. మీ వైపు ఎవరైనా ఉంటే దయచేసి పత్రికకు ఒక ముక్క రాయండి.